చెట్టుమీది పాచికి పేరు పెట్టేముందు

ఈ టపా ఒక చిన్న మాటను గురించి. ఆ మాట ‘పాచి’.

వానలు పడ్డ పదిరోజులకు మా లాలాగూడలో రైల్వే క్వార్టర్ల పాత ప్రహరీగోడలు పచ్చబడతాయి. దానిని పాచి అంటాం. చెరువు నీటిమీద తేలే ఆకుపచ్చని తెట్టునూ పాచి అంటాం. నీళ్ళతొట్టి లోపలి అంచున వేలికి జిగటగా తగిలేదీ పాచే. ఊటీ వెళ్ళి వచ్చినవారు అక్కడి చెట్ల మానులను కప్పుకొని, కొమ్మల నుండి జడలుగా వ్రేలాడేదానిని చూసి చెప్పేదీ పాచి అనే. ఒక్క మాట ఇన్ని చోట్ల పని చేయడం భాషకు పొదుపే కావచ్చు. కాని ఇవన్నీ ఒకే వస్తువు కావు. వీటిలో కనీసం మూడు వేరువేరు జీవవర్గాలు ఉన్నాయి.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఎత్తైన కొండల అడవులలో చెట్టుమీద బ్రతికే పాచి ఏ జాతిదో తేల్చడం వృక్షశాస్త్రజ్ఞుల పనే, కాదనను. కాని ఆ పనికి మొదటి మెట్టు సూక్ష్మదర్శిని కాదు, భాష. ఇది వేరు, అది వేరు అని చెప్పుకోవడానికి మాట లేనివారికి ఆ తేడా కంటికి ఆనదు. తెలుగులో ఆ మెట్టు ఇంకా కట్టవలసే ఉన్నది. దానికోసం క్రొత్త మాటలు పుట్టించనక్కరలేదు. ఉన్న మాటలను వాటి వాటి చోట కూర్చోబెడితే చాలును.

ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. పాచి అనేది పచ్చ, పసరు, పసిమి అనే మాటల కుటుంబానికి చెందినది. తమిళంలో పాసి, కన్నడంలో పాచి. అంటే ఈ మాటకు మూలంలో ఉన్నది పచ్చదనమే. నీటిలోనూ గోడమీదనూ పచ్చబడినది చాలాకాలం కడగనిది కనుక కాబోలు, ‘నిలువ ఉన్నది, శుభ్రం చేయనిది’ అనే అర్థం దానికి అంటుకొన్నది. పాచిపళ్ళు, పాచిమొహం, పాచిపని అన్నీ ఆ కోవలోనివే. తెలంగాణ పలుకుబడిలో పాసిపని, పాసిముఖం. నేను పాఠం చెప్పిన రోజులలో ‘పాచి అంటే ఏమిటి?’ అని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో ‘జారేది సార్’ అనేవారు. ఒక ప్రాణిని దాని స్వరూపంతో కాక, అది మనకు చేసే అపకారంతో నిర్వచించారన్నమాట. అందులో పిల్లల తప్పేమీ లేదు. భాష వారి చేతికి అంతే ఇచ్చినది. పాచి అనగానే మన చేతిలోకి చీపురో బ్లీచింగు పొడో వస్తుంది తప్ప భూతద్దం రాదు.

సంస్కృతం నుండి అరువు తెచ్చుకొందామంటే అక్కడా చిక్కే. శైవలం అనే మాట కావ్యాలు చదివినవారికి తెలుసు. కాని అమరసింహుడు దానిని చేర్చినది వారివర్గంలో. జలనీలి, శైవాలం, శైవలం అని నీటి వస్తువులలో చెప్పాడు. కొలనులో తామరను చుట్టుకొని ఉండేదే కవుల శైవలం. కొండమీది చెట్టుకొమ్మతో దానికి సంబంధం లేదు. ఆధునిక శాస్త్రపాఠ్యపుస్తకాలు ఆ మాటను ఆల్గే వర్గానికి కేటాయించాయి. అది సమంజసమే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో ఇంటర్మీడియట్ చదివినవారికి సంయోగబీజదం, సిద్ధబీజదం, మూలతంతువులు వంటి పదాలు పరిచయమే. అంత శ్రమపడి ఆ పదాలు కూర్చినవారు, ఆ మొక్క పేరు దగ్గరకు వచ్చేసరికి ‘మాస్ మొక్కలు’ అని ఊరుకొన్నారు. పరీక్షలో ఫ్యునేరియా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థికి, తన ఇంటి గోడమీద ఉన్నది ఆ ఫ్యునేరియాకు చుట్టమేనని తట్టదు. పుస్తకంలో ఉన్నది మాస్, గోడమీద ఉన్నది పాచి. రెంటికీ మధ్య వంతెన లేదు.

ఇది తెలుగు ఒక్కదాని లోపం అనుకోరాదు. ఆంగ్లేయులు ‘ఓక్ మాస్’ అని పిలిచి అత్తరులలో వాడేది మాస్ కాదు, లైకెన్. ధ్రువప్రాంతపు జింకలు మేసే ‘రెయిన్‌డీర్ మాస్’ కూడా లైకెనే. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో చెట్ల నుండి బూడిదరంగు గడ్డాలవలె వ్రేలాడే ‘స్పానిష్ మాస్’ పూలు పూసే మొక్క, అనాసకు దగ్గరి బంధువు. ‘ఐరిష్ మాస్’ అయితే సముద్రపు నాచు. 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టిన లిన్నేయసు మహాశయుడు సైతం లైకెన్లను ఆల్గేలో కలిపి, ఆల్గేలను, మాస్‌లను, శిలీంధ్రాలను, ఫెర్న్‌లను ‘క్రిప్టోగేమియా’ అనే ఒకే మూటలో కట్టాడు. ఆ మాటకు గుప్తవివాహం అని అర్థం. పువ్వు కనబడదు కనుక పెళ్ళి రహస్యంగా జరిగినదని ఆయన చమత్కారం. కాని ఆ భాషల వారు తరువాత ఆ మూట విప్పి దేనికి దానిని వేరుచేసుకొన్నారు. మనం ఇంకా విప్పలేదు.

విప్పకపోవడం వలన ఏమి జరుగుతుందో చూపడానికి మన వంటింటి ఉదాహరణ ఒకటి చాలును. మోండా మార్కెట్లో మసాలా దినుసుల దుకాణంలో రాతిపువ్వు అని అడిగితే బూడిదరంగులో, అంచులు ముడుచుకొని, అడుగు నల్లగా ఉండే ఎండు రేకులు పొట్లం కట్టి ఇస్తారు. బిరియానీలో వేసుకొనేది అదే. ఉర్దూ మాట్లాడేవారు పత్థర్ కా ఫూల్ అంటారు, మరాఠీవారు దగడ్‌ఫూల్, కన్నడిగులు కల్లుహూవు, తమిళులు కల్పాసి, అంటే రాతిపాచి. ఇన్ని భాషలూ కలిసి దానికి పువ్వు అనో పాచి అనో పేరుపెట్టాయి. అది పువ్వు కాదు, పాచీ కాదు. రాతిమీదనే పుట్టాలన్న నియమమూ లేదు. హిమాలయాలలోనూ పశ్చిమ కనుమలలోనూ చెట్ల బెరడుమీద నుండి గోకి తెచ్చిన సరుకు అందులో ఎంతో ఉంటుంది. అది లైకెన్, అంటే ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురం. ఈ సంగతిని 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. సరుకులో కూడ ఒకే జాతి ఉండదు. పర్మోట్రీమా, ఎవెర్నియాస్ట్రమ్ వంటి ప్రజాతులు కలగలిసి వస్తాయి. వాటితోపాటు బెరడు పెచ్చులు, ఆకుపచ్చని సన్నని పీచు కూడ కనిపిస్తాయి. ఆ పీచే మాస్. ఎత్తైన కొండల చెట్టుపాచి మన లాలాగూడ వంటింటికి ఎప్పుడో వచ్చేసినది. ఏరి పారవేసే చెత్తగా వచ్చినది, అంతే తేడా.

ఇక గుర్తింపు మాట. ఇటీవల మా వీధిలోని విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకరు ఊటీ వెళ్ళి వచ్చారు. దొడ్డబెట్ట దారిలో నేలమీద రాలిపడి ఉన్న జానెడు పుల్లను కాగితంలో చుట్టి తెచ్చి, ‘పంతులుగారూ, ఈ పాచి పేరేమిటో చెప్పండి’ అన్నారు. దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. మన తూర్పు కనుమలలోని మిక్కిలి ఎత్తైన శిఖరాలలో ఒకటైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లే. నీలగిరుల మడతలలో షోలా అని పిలిచే పొట్టిచెట్ల అడవులు ఉంటాయి. మంచు, మబ్బు, తడి విడవని ఆ చోట చెట్టుకు బెరడు ఎంత సహజమో పాచి అంత సహజం.

పుల్లను తెల్లని పళ్ళెంలో పెట్టి, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూశాం. ఆయన ‘ఈ పాచి’ అని ఏకవచనంలో అన్నది మూడు వస్తువులుగా విడివడింది. మొదటిది బూడిదరంగు రేకు. కాండం లేదు, ఆకు లేదు, అడుగు నలుపు. అది లైకెన్. రెండవది పసుపు కలిసిన ఆకుపచ్చని దారం, బెత్తెడు పొడవున వ్రేలాడుతున్నది. భూతద్దంలో ఆ దారానికి రెండు ప్రక్కలా చిన్న చిన్న ఆకులు దట్టంగా కనిపించాయి. కాండం, ఆకు రెండూ ఉన్నాయి కనుక అది మాస్. మూడవది పుల్లను అంటిపెట్టుకొని ప్రాకుతూ, పొట్టి కొమ్మలను నిలువుగా నిలిపిన ముదురు రంగు మొక్క. దాని ఆకులు ఎండి, మెలితిరిగి, కొమ్మకు చుట్టుకొని ఉన్నాయి. నాలుగు చుక్కల నీరు చల్లితే కొన్ని నిమిషాలలో విచ్చుకొని పచ్చబడ్డాయి. ‘చచ్చిందనుకొన్నానండీ’ అని ఆయన ఆశ్చర్యపోయారు. చాలా మాస్‌ల ఆకు మందం ఒక్క కణమే. నీటిని వేరుతో త్రాగదు, ఒంటితో త్రాగుతుంది. వేరువలె కనబడే మూలతంతువుల పని పట్టుకొని ఉండడమే. నీరు లేనప్పుడు ముడుచుకొని వేచి ఉంటుంది.

ఆ మూడవదాని కొనలలో సన్నని కాడమీద గుళికలు ఉన్నాయి. గుళికకు గంట ఆకారంలో మడతలు పడిన టోపీ ఉన్నది, టోపీమీద వెండ్రుకలు ఉన్నాయి. ప్రాకే కాండం, ఎండితే మెలిపడే ఆకు, మడతల టోపీ అనే ఈ మూడు గుర్తులను బట్టి అది మాక్రోమిట్రియం అనే ప్రజాతి అని చెప్పాను. గ్రీకులో ఆ మాటకు పెద్ద టోపీ అని అర్థం. వ్రేలాడే దారం మెటియోరియేసీ కుటుంబానికి చెందినది. అంతకుమించి చెప్పాలంటే సూక్ష్మదర్శిని కావాలి. ఆ కుటుంబంలో మెటియోరియం ప్రజాతిలో ఆకు కణం ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క బుడిపె ఉంటుంది. పాపిల్లేరియాలో కణానికి అనేక బుడిపెలు వరుసగా ఉంటాయి. అది భూతద్దానికి అందే సంగతి కాదు.

జాతిని తేల్చడానికి ఇంకా ఏమేమి చూడాలో చెబుతాను. ఆకు నడుమ ఈనె ఉన్నదా లేదా, ఉంటే ఒకటా రెండా, కొనవరకు పోయినదా మధ్యలో ఆగినదా? ఆకు అంచు నునుపా, రంపపు పళ్ళా? గుళికకు మూత ఊడితే లోపల నోటిచుట్టూ పళ్ళు ఎన్ని? ఆ పళ్ళ లెక్క ఎక్కువగా నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పదిరెండు అని నాలుగింటి గుణకాలలో నడుస్తుంది. ఆక్టోబ్లెఫారమ్ అనే పాలిపోయిన రంగు మాస్‌కు ఎనిమిది పళ్ళున్నందువలననే ‘ఎనిమిది కనురెప్పవెండ్రుకలది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వీటన్నిటితోపాటు చోటు తెలియాలి. ఏ చెట్టు, మానుమీదనా కొమ్మమీదనా, నేలకు ఎంత ఎత్తున, కొండ ఎంత ఎత్తున? మా మిత్రుడు తెచ్చిన పుల్ల ఏ చెట్టుదో ఆయనకు తెలియదు. తాళపత్ర ప్రతికి గద్య ఊడిపోతే కర్త ఎవరో, కాలమెప్పుడో తేల్చడం ఎంత కష్టమో మనవంటివారికి తెలుసు కదా. ఇదీ అంతే.

ఈ శాస్త్రంలో పనిచేసినవారు మనకు దూరపువారు కారు. యోహాన్ హెడ్విగ్ గ్రంథం ఆయన మరణానంతరం 1801లో వెలువడింది. స్ఫాగ్నమ్ కుటుంబం తప్ప తక్కిన మాస్‌ల నామకరణానికి అదే ఆరంభరేఖ. విలియం మిట్టెన్ భారతదేశపు మాస్‌లమీద వ్రాసిన గ్రంథం 1859 నాటిది. లాహోరులో బోధించిన శివరామ కశ్యప్‌ను భారతీయ బ్రయాలజీకి పితామహుడంటారు. హెచ్. సి. గంగూలీ తూర్పు భారతపు మాస్‌లమీద 1969 నుండి 1980 వరకు భాగాలుగా వెలువరించిన గ్రంథం నేటికీ తెరవవలసినదే. వీరంతా సేకరించిన నమూనాలను ఎలా దాచారనుకొన్నారు? ఎండబెట్టి, కాగితం పొట్లాలలో కట్టి, పైన చోటు, తేదీ, సేకర్త పేరు వ్రాసి. మన కిరాణా దుకాణంలో కట్టే పొట్లానికి బంధువే అది. ఎన్నో ఏళ్ళ తరువాత తీసి నీటిలో తడిపినా ఆకు మళ్ళీ తన ఆకారానికి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చెట్టుమీద పాచి చూడగానే మనవారు అనే మాట ‘చెట్టును తినేస్తున్నది’ అని. తోటలో అయితే గోకి పారవేస్తారు. ఈ అపనింద బదనిక నుండి వచ్చినది. బదనిక నిజంగానే చెట్టు కొమ్మలోకి వేరు దింపి రసం పీలుస్తుంది. అమరకోశంలో బదనికకు రెండు పేర్లు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. వృక్షాదని, వృక్షరుహ. మొదటిది చెట్టును తినేది, రెండవది చెట్టుమీద మొలిచేది. బదనికకు రెండూ చెల్లుతాయి. మాస్‌కు చెల్లేది రెండవది మాత్రమే. అది చెట్టు నుండి ఆహారం తీసుకోదు. చోటు మాత్రం అడుగుతుంది. తన ఆహారం తాను వండుకొంటుంది. ఆ ఒక్క తేడాకు తెలుగులో మాట లేకపోవడం వలన నిరపరాధికి శిక్ష పడుతున్నది.

శిక్ష అంటే అలంకారంగా అనలేదు. హిమాలయ ప్రాంతంలో ఓక్ చెట్ల మానులమీది మాస్‌ను, లైకెన్లను గోకి బస్తాలకెత్తి అమ్మడం ఏళ్ళతరబడి సాగినది. పండ్ల పెట్టెలలో మెత్తగా పరచడానికి, నర్సరీలలో తడి నిలపడానికి, అలంకరణకు మాస్ వెళుతుంది. లైకెన్ మసాలాకు వెళుతుంది. రేకు లైకెన్ ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. మాస్‌లు తమ పొడి బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచి, మంచునీటిని ఒడిసిపట్టి, మెల్లగా విడుస్తాయి. తుంగ, భద్ర రెండూ పుట్టేది కర్ణాటకలో పశ్చిమ కనుమల గంగామూల దగ్గర. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో. జంటనగరాలకు 2004 నుండి కృష్ణ నీరు వస్తున్నది. నది అంతా పాచి వలననే పారుతున్నదని నేననను. ఆ అడవులు నీటిని నిలిపే తీరులో పాచికి కూడ పాలున్నదని మాత్రం అంటాను. దానిని చెత్త అనే మాటతో పిలుస్తూ అడవిని కాపాడుదామనడం పొసగదు.

కనుక నా ప్రతిపాదన ఇది. నీటిలో పుట్టే ఆల్గేకు నాచు అనే మాట ఉంచుదాం. సముద్రపు నాచు అని ఇప్పటికే అంటున్నాం. చిన్న కాండం, చిన్న ఆకులు కలిగిన మాస్‌కు పాచి అనే మాటనే గౌరవంగా ఇద్దాం. గోడపాచి, రాతిపాచి, చెట్టుపాచి, జడపాచి అని అవసరాన్ని బట్టి సమాసం చేసుకోవచ్చు. లైకెన్‌ను లైకెన్ అనే అందాం. రాతిపువ్వు అనేది దుకాణపు సరుకు పేరుగా ఉండనిద్దాం. ఇక జాతినామం లాటిన్‌లోనే, తెలుగు లిపిలో వ్రాద్దాం. దానిని అనువదించరాదు. అది లోకానికంతటికీ ఉమ్మడి పేరు. అందులో మన మాటలకూ చోటున్నది. అంటార్కిటికాలో మన భారతి పరిశోధనకేంద్రం దగ్గర దొరికిన మాస్‌ను పంజాబు కేంద్రీయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2021లో బ్రయమ్ భారతియెన్సిస్ అని ప్రకటించారు. సరస్వతీదేవి పేరు లాటిన్ ప్రత్యయం తొడుక్కొని పాచికి పేరయినది. భాషాభిమానులకు ఇంతకంటె ఏమి కావాలి?

ఆక్షేపణలు ఊహించగలను. ‘పండిత శిక్షణ పొందినవారు మీరు, చక్కని సంస్కృత సమాసం కూర్చక పాచి అంటారేమిటి?’ అని కొందరంటారు. కూర్చవచ్చును, కష్టం కాదు. కాని కూర్చిన సమాసం పుస్తకంలోనే ఉండిపోతుంది. గోడ దగ్గరకు రాదు. ‘జనం అన్నిటినీ పాచి అంటారు, మీరు గీత గీస్తే ఆగుతారా?’ అని మరికొందరంటారు. గడ్డి అనే ఒక్క మాట ఉన్నా రైతు గరికను, తుంగను, రెల్లును, దర్భను వేరువేరుగా ఎరుగును. ఎందుకంటే అతడు వాటిని వంగి చూశాడు. పాచినీ వంగి చూసేవారు పదిమంది ఉంటే మాటలు వాటంతట అవే విడివడతాయి.

మన గోడలమీద వానాకాలంలో తరచు కనిపించే మాస్‌లలో ఒకటి హయోఫిలా ఇన్వొల్యూటా. ఎండితే దాని ఆకుల అంచులు లోపలికి చుట్టుకొంటాయి. హయోఫిలా అంటే వానను ప్రేమించేది. భూతద్దం ఉంటే కొండలదాకా పోకుండా దానితోనే మొదలుపెట్టవచ్చు. కొండలకు వెళ్ళినవారు మాత్రం చెట్టుమీదిది పీకవద్దు. అభయారణ్యాలలో రాలినది తీయడానికి కూడ అనుమతి కావాలి. ఫోటో తీసి, ఏ చెట్టుమీద చూశారో, ఎంత ఎత్తున చూశారో వ్రాసుకొంటే చాలును.

మీలో అరకు, పాడేరు, నల్లమల ప్రాంతాలవారున్నారు. నీలగిరులలో, బెంగుళూరులో, అమెరికాలో స్థిరపడినవారూ ఉన్నారు. మీ ఊళ్ళో నీటిదానికి ఒక మాట, చెట్టుమీదిదానికి వేరొక మాట ఉన్నదా? కాఫీతోటలలో పనిచేసేవారు, చెంచులు, కొండదొరలు దీనిని ఏమంటారు? విన్నది విన్నట్లుగా, ఊరి పేరుతో సహా వ్యాఖ్యలలో వ్రాయగలరు. వచ్చిన మాటలన్నిటినీ ఒకచోట చేర్చి మరొక టపాలో ఉంచుతాను.